చేత్తో పట్టుకోలేని టాబే కొనండి

వీడియోలు చూడ్డానికి, తీరికప్పుడు చిన్నాచితకా ఆటలు ఆడుకోవడానికి పెద్ద టాబ్ కొనాలనుకునేవాళ్లకి నా సలహా ఇది. పది నిమిషాలు పట్టుకునేసరికి మణికట్టు లాగేసేంత బరువున్నది చూసి కొనండి. పల్చనివీ, తేలికవీ, బ్యాగులో పట్టేవీ షాపులోనే వదిలేయండి. చీపురుపల్లి మెయిన్ రోడ్డు మీద ఏ మొబైల్ షాపులో అడిగినా దీనికి సరిగ్గా ఎదురు చెప్తారు. చెప్పనివ్వండి.

మన వైపు చాలా ఇళ్లలోకి టాబ్ బడి నుంచే వచ్చింది. 2022 డిసెంబరు 21న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకీ, మాస్టార్లకీ కలిపి 5 లక్షలకు పైగా టాబ్‌ల పంపిణీ మొదలైంది. శామ్‌సంగ్ ఏ7 లైట్, 8.7 అంగుళాలు, దాదాపు 370 గ్రాములు, లోపల బైజూస్ పాఠాలు. పాఠానికి ఆ సైజు చాలు. పిల్ల ఒళ్లో పెట్టుకుంటుంది, చదువుకుంటుంది. అదే సైజులో సినిమా పెట్టి చూడండి. ముందు కూర్చున్నవాడి బుర్ర తప్ప వెనకవాళ్లకి ఇంకేమీ కనపడదు. “ఏట్రా గుంటడా, నాకేటీ కనబణ్ణేదు, ఇటు తిప్పు!” అని మామ్మ అరుస్తుంది. వాడు ఒక్క క్షణం తిప్పుతాడు, మళ్లీ తనవైపు లాక్కుంటాడు. తప్పు వాడిది కాదు, సైజుది. చేతిలో ఇమిడే తెర ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే. ఇమడని తెరని బల్ల మీద నిలబెట్టక తప్పదు. నిలబెట్టాక అది ఇంటిల్లిపాదిదీ అవుతుంది. నేను చెప్పే ప్రతి ముక్కా దీని మీద నిలబడిందే.

కాబట్టి 11 అంగుళాల దగ్గర ఆగకండి. 12.7 అంగుళాల లెనోవో పీ12 ఉంది, 615 గ్రాములు. డబ్బుంటే 14.6 అంగుళాల శామ్‌సంగ్ ఎస్9 అల్ట్రా, 732 గ్రాములు. అంగుళాలు మూల నుంచి మూలకి కొలిచేవి గనక అంకె చూసి మోసపోతాం. 8.7 నుంచి 12.7కి వెళ్తే అంకె సగం కూడా పెరగలేదనిపిస్తుంది, తెర మాత్రం రెట్టింపు దాటుతుంది. ధరలో తేడాని అంకెతో కాదు, ఈ వైశాల్యంతో పోల్చుకోండి.

తర్వాత చూడాల్సింది ఆకారం. ఇక్కడ మాత్రం నిదానంగా ఆలోచించండి. తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం ‘అల్లూరి సీతారామరాజు’, 1974లో వచ్చింది. ఇప్పటికీ మన సినిమాలు ఎక్కువగా ఆ వెడల్పు కొలతలోనే తీస్తున్నారు. ఎత్తు ఒకటైతే వెడల్పు 2.39. పెద్ద ఐప్యాడ్‌ల తెర కొలత 4:3. దాని మీద ఈ సినిమా పెడితే తెరలో సగం కంటే కాస్త ఎక్కువే బొమ్మ, మిగిలినదంతా పైనా కిందా నల్ల పట్టీలు. 16:10 తెర మీదైతే మూడింట రెండు వంతులు బొమ్మ ఉంటుంది. చదువుకీ, బొమ్మలు గీయడానికీ 4:3 గొప్పదే కావచ్చు. మనం కొనేది సినిమాకి. ఎంత పేరున్న కంపెనీదైనా సరే, చదరంగా ఉన్న తెర వద్దు.

హెర్ట్జ్ గురించి, అంటే తెర సెకనుకి ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందో, షాపులో గంటసేపు చెప్తారు. 90, 120, 144 అంటూ వేలితో పైకీ కిందకీ జరిపి చూపిస్తారు. సినిమా సెకనుకి 24 ఫ్రేములు. 60 హెర్ట్జ్ చాలు. పైడబ్బు స్పీకర్లకి పెట్టండి. నాలుగు స్పీకర్లు, నిలబెట్టినప్పుడు అటు రెండు ఇటు రెండు ఉండాలి. షాపులో సీలింగ్ ఫ్యాను ఫుల్లుగా వేయించి, నాలుగడుగులు వెనక్కి జరిగి, మాటలు వినపడుతున్నాయో లేదో చూడండి. పాట పెట్టొద్దు, పాట ఎందులోనైనా బాగానే వినిపిస్తుంది. మెల్లగా మాట్లాడుకునే సీను పెట్టించండి, అదీ చీకటి సీను. షాపులో తిరుగుతూ ఉండే డెమో వీడియోలో పువ్వులూ రంగుచేపలే ఉంటాయి. వాటిని చూసి తెర మంచిచెడ్డలు తేల్చలేం.

కాయితం మీద నేను చూడమనేది ఒక్కటే, వీడియోల కాపీ రక్షణలో పై స్థాయి అయిన వైడ్‌వైన్ ఎల్1. ఇది లేని టాబ్‌లో నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్ లాంటివి 480పి దగ్గరే ఆగిపోతాయి, తెర ఎంత గొప్పదైనా సరే. యూట్యూబ్ మాత్రం శుభ్రంగా ఆడుతుంది. అందుకే షాపులో యూట్యూబ్ చూపించి అమ్మేస్తారు. చౌక టాబ్‌లలో దానికి బదులు కింది స్థాయి ఎల్3 ఉండడం మామూలే, పెద్ద తెర మీద ఆ మసక ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఇక ప్రాసెసర్. మధ్యరకం చాలు, చిప్ కోసమే అంతకంటే గట్టిది కొనడం తప్పని నా గట్టి నమ్మకం. గట్టి చిప్ ఉన్న ఇంట్లో మూడో రోజుకల్లా బీజీఎంఐ అనే కాల్పుల ఆట వచ్చి చేరుతుంది. 18 ఏళ్లలోపు వాళ్లకి రోజుకి 3 గంటలని ఆ ఆట కంపెనీయే హద్దు పెట్టిందంటే సంగతి మీకే అర్థమవుతుంది. పైగా 12.7 అంగుళాల తెర మీద బొటనవేళ్లు మధ్యకి అందవు. ఆ టాబ్‌ని మంచం మీద పడుకోబెట్టి చూడండి, చక్కటి పలక అవుతుంది. లూడో, క్యారమ్స్ నలుగురూ నాలుగు వైపులా కూర్చుని, చదరంగం ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని ఒకే తెర మీద ఆడొచ్చు. లూడో ఎక్కడిదో కాదు, మన పచ్చీసే ఇంగ్లండు వెళ్లి పేరు మార్చుకుని వచ్చింది. అష్టాచెమ్మా ఆడిన మామ్మకి ఎవరూ నేర్పక్కర్లేదు, మనవడి కాయని ఆవిడే ముందు చంపుతుంది. ఈ ఆటలకి పాత చిప్ కూడా ఎక్కువే.

సిమ్ ఉన్నది వద్దు. సిమ్ ఉంటే టాబ్ గుమ్మం దాటి డాబా మీదకీ, అక్కణ్ణుంచి స్నేహితుల ఇంటికీ పోతుంది. వైఫై ఒక్కటే ఉన్నది ఇంట్లో ఉంటుంది. ఫైబర్ కనెక్షన్ లేకపోతే సాయంత్రం నాన్న వచ్చి ఫోన్ హాట్‌స్పాట్ పెట్టేదాకా ఆగుతారు, ఆగితే నష్టం లేదు. హెచ్‌డీ సినిమా ఒక్కటి చూస్తే రోజుకి 1.5 జీబీ ప్యాక్ అయిపోవచ్చు. అందుకని ప్యాక్ మిగిలిన రోజు ముందే డౌన్‌లోడ్ చేసి ఉంచుకోండి, మెమరీ కార్డు పట్టే టాబ్ అయితే మరీ మంచిది.

ఛార్జింగ్ నెమ్మదిగా ఎక్కుతుందని బాధపడొద్దు. బ్యాటరీ పెద్దది కావడం దానికో కారణం. పీ12లో 10,200 ఎంఏహెచ్. రాత్రి పెడితే తెల్లారేసరికి నిండుతుంది, ఎక్కినంతసేపూ ఎవరూ చూడరు. 2014లో హుద్‌హుద్ తుపాను వచ్చాక, 2018లో తిత్లీ తుపాను వచ్చాక మన జిల్లాల్లో ఎన్నో ఊళ్లు రోజుల తరబడి కరెంటు లేకుండా గడిపాయి. అలాంటప్పుడు గోడకున్న టీవీ ఎందుకూ పనికిరాదు. ముందురోజు నింపి ఉంచిన పెద్ద టాబ్ రెండు మూడు రాత్రులు పిల్లల్ని ఒకచోట కూర్చోబెడుతుంది.

మరి విశాఖ వెళ్లేటప్పుడు రైల్లో చూసుకోవాలంటే ఎలా అని అడుగుతారు. రైల్లో ఫోను చాలు. టాబ్‌కి మడిచే కవరు కొనకండి, కాళ్లు వెడల్పుగా ఉన్న బరువైన స్టాండు కొనండి. పిల్లి తోసినా పడకూడదు. దాన్ని మామ్మ మంచానికి ఎదురుగా, ఆవిడ కళ్ల ఎత్తులో, కిటికీ వెలుతురు తెర మీద పడని చోట పెట్టండి. మిగతావాళ్లు ఆవిడ పక్కన సర్దుకుంటారు.