ఏకపక్షవాణి: టీకా తాత్పర్య సహితం

అవతారిక

పెరుగుతుందని ఊరంతా నమ్మే మేళ్లచెరువు శంభులింగానికి మొక్కి, తరిగిపోతున్న సిగ్నలుకు టీక మొదలుపెడుతున్నాను. కాళిదాస కావ్యాలకు వ్యాఖ్యానాలు రాసిన మల్లినాథసూరి మన మెదకు వైపు కొల్చారం వాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ఆయన ప్రతిజ్ఞ. అందులో మొదటి సగం నేనూ పాటిస్తాను.

ఒకప్పుడు నల్లగొండ జిల్లాలో ఉండి, 2016 అక్టోబరు 11 నుంచి సూర్యాపేట జిల్లాలో చేరిన ఈ మేళ్లచెరువు సున్నపురాయి సీమలో సిమెంటు లారీలు నడిపే ఒకానొక ట్రాన్స్‌పోర్టు ఆఫీసు ఉంది. అక్కడి ఇంటర్నెట్ ఫోను అడుగున అంటించిన కాగితం మీద ఈ రెండు పద్యాలు దొరికాయి. కవి పేరు లేదు. ఫోను బాగుచేసి పోయినవాడని కొందరు, చెడగొట్టి పోయినవాడని కొందరు. పద్యం అల్లేంత తీరిక దొరికిందంటే, కస్టమర్ కేర్ లైనులో పాట వింటూ కూర్చున్నవాడే అయి ఉండాలని నా నిర్ణయం.

మొదటి పద్యం

గంట మ్రోగును గాని యా గళము రాదు
వినఁడు మనవాఁడు వినుచుండు వేఱొకండు
ఇంటి గదిపేరు వీథికి నిచ్చె ఫోను
దారి యెఱుఁగక పల్కులు దవ్వుఁ బోయె

ప్రతిపదార్థం: గంట = రింగు; మ్రోగును = మోగుతుంది; కాని = అయినప్పటికీ; ఆ గళము = అవతలివాని గొంతు; రాదు = చెవికి చేరదు; మనవాఁడు = ఆఫీసు గుమస్తా; వినఁడు = వినలేడు; వేఱొకండు = లారీ డ్రైవరు; వినుచుండు = అంతా వింటూనే ఉంటాడు; ఫోను = ఆ బల్లమీది పరికరం; ఇంటి గదిపేరు = లోపలి నెట్‌వర్కులో తనకున్న చిరునామాను; వీథికిన్ = బయటి ఇంటర్నెట్‌కు; ఇచ్చెన్ = చెప్పుకుంది; పల్కులు = డ్రైవరు మాటలు; దారి యెఱుఁగక = చేరవలసిన చోటు తెలియక; దవ్వుఁ బోయెన్ = ఎటో పోయాయి.

తాత్పర్యం: ఫోను మోగింది. గుమస్తా ఎత్తి "హలో" అన్నాడు. జవాబు లేదు. మళ్లీ అన్నాడు. తర్వాత ఏమేమి అన్నాడో ఇక్కడ రాయడం మర్యాద కాదు. ఆ అన్నవన్నీ జగ్గయ్యపేట రోడ్డు మీదున్న డ్రైవరుకు అక్షరం పోకుండా అందాయి. "నాకు మంచిగ ఇనవడ్తుంది సారూ, జర నా మాట ఇను" అని అతను మొత్తుకున్నది మాత్రం ఇటు చేరలేదు. గుమస్తా ఫోను పెట్టేసి, "ఈ డబ్బా ఖరాబైంది, కొత్తది తెప్పియ్యుండ్రి" అని తీర్పు చెప్పాడు.

విశేషాలు: "గంట మోగినప్పుడు గొంతు ఎందుకు రాదు? రెండూ ఒకే తీగలో వచ్చేవే కదా" అని పూర్వపక్షం. తీగ ఒకటే, మార్గాలు రెండు. పిలుపు కబురు మోసేది సిప్ అనే నియమావళి. 2002 జూనులో ఆర్‌ఎఫ్‌సీ 3261 అనే ప్రమాణ పత్రంగా వెలువడింది, మామూలుగా 5060వ నంబరు పోర్టులో వస్తుంది. గొంతును మోసేది ఆర్‌టీపీ, దాని పోర్టులు వేరు. పిలుపు కబురులోనే ఫోను "నాకు మాటలు ఈ చిరునామాకు పంపండి" అని రాసి ఇస్తుంది. కథంతా ఆ ఒక్క వాక్యంలోనే చెడింది.

"ఇంటి గదిపేరు" అనడంలో కవి చాతుర్యం చూడండి. 192.168తో మొదలయ్యే చిరునామాలు, 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 దాకా ఉన్నవి లోపలి వాడుకకే ప్రత్యేకించినవి. ఈ ఏర్పాటు 1996 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1918లో ఉంది. "నడిమి అర్రల ఉంట, ఉత్తరం రాయి" అని ఊరి పేరు చెప్పకుండా పోయినవాడికి ఉత్తరం ఎలా చేరుతుంది? నడిమి అర్ర ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. లోపలి చిరునామాను బయటి చిరునామాగా మార్చే పని రూటరులోని నాట్‌ది. అది పొట్లం పైనున్న విలాసం మారుస్తుంది కానీ, లోపలి కాగితంలో ఫోను రాసుకున్న విలాసం జోలికి పోదు. అందుకే మన మాట బయటికి పోతుంది, వాళ్ల మాట ఇటు రాదు.

"పల్కులు" అని బహువచనం ఎందుకు? జీ.711 పద్ధతిలో గొంతును సాధారణంగా 20 మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి పంపుతారు. అంటే సెకనుకు 50 పొట్లాలు. డ్రైవరు ఒక్క నిమిషం మొత్తుకుంటే 3,000 పొట్లాలు దారి తప్పాయన్నమాట. బహువచనం సార్థకం.

రెండో పాదం చివరి "ఉ"కారానికీ మూడో పాదం మొదటి "ఇ"కారానికీ సంధి జరగలేదు, ఇది దోషం కాదా అని లాక్షణికులు అడగవచ్చు. కనెక్షన్ తెగిన చోట సంధి కలపరాదని కవి హృదయం.

పాఠాంతరం: కొన్ని ఆఫీసుల ప్రతుల్లో "గళము రాదు" బదులు, గొంతు వచ్చి సరిగ్గా 32 సెకన్లకు తెగుతుందని అర్థం వచ్చే పాఠం ఉంది. అదీ ప్రామాణికమే. ఫోను ఎత్తామన్న కబురు పంపాక, అందిందన్న రసీదు రావాలి. రాకపోతే అర సెకనుకు 64 రెట్లు, అంటే 32 సెకన్లు చూసి కాల్‌ను ముగించాలని నియమం. కచ్చితంగా అంతసేపే మాట నడిచిందంటే కారణం సిగ్నలు బలహీనత కాదు, రసీదు దారి తప్పడం.

రెండో పద్యం

తీఁగఁ జూడు మొదట, దీపమ్ము పిమ్మట
నంకె లరయు మంత నల్లిబిల్లి
ద్వారపాలకునకు దండంబు పెట్టుము
మార్చినపుడు వ్రాయ మఱువకయ్య

తాత్పర్యం: మొదట తీగ, తర్వాత దీపం, ఆ తర్వాత చిక్కుపడ్డ అంకెలు, చివరికి ద్వారపాలకుడు. ఈ వరుసలో పరీక్షించి, ఏది మార్చినా రాసిపెట్టుకో అని భావం.

విశేషాలు: తీగ: నెట్‌వర్కు తీగ పొడవు 100 మీటర్లు దాటరాదు. చాలా ఆఫీసు ఫోన్లకు కరెంటు కూడా ఆ తీగలోనే వస్తుంది. ఈ పద్ధతికి 2003లో 802.3ఏఎఫ్ అనే ప్రమాణం వచ్చింది. సిమెంటు దుమ్ము పేరుకున్న సాకెట్‌ను ఒకసారి తీసి, తుడిచి, టక్కుమని చప్పుడయ్యేదాకా పెట్టడం ఈ శాస్త్రంలో ఆచమనం వంటిది.

దీపం: స్విచ్చి మీద ఆ పోర్టు దీపం వెలగకపోతే అంకెల జోలికి పోవద్దు. ఇది అధికార భేదం. దీపం లేనివాడికి పై మెట్టు చదివే అర్హత లేదు.

అంకెలు: 169.254తో మొదలయ్యే చిరునామా కనిపిస్తే, పేర్లు పంచిపెట్టే డీహెచ్‌సీపీ నుంచి జవాబు రాక ఆ పరికరం తనకు తానే పేరు పెట్టుకుందని గుర్తు. ఫోను తెరమీద 408 కనిపిస్తే అవతలి నుంచి పలుకే లేదు. 403 అయితే పలుకు ఉంది కానీ రానివ్వనంటోంది. మొదటిది దారి తప్పు, రెండోది చాలావరకు పేరు, పాస్‌వర్డు, అనుమతుల తప్పు. ఈ రెండింటికీ ఒకే మందు వేసేవారే లోకంలో ఎక్కువ.

ద్వారపాలకుడు: ఫైర్‌వాల్ అని సామాన్యార్థం. ఇక్కడ విశేషార్థం సిప్ ఏఎల్‌జీ అనే సెట్టింగు. ఇది చాలా రూటర్లలో ముందుగానే ఆన్ చేసి ఉంటుంది. లోపలి కాగితంలోని విలాసం తానే దిద్దుతానని పూనుకుంటుంది. దిద్దబోయి చెరిపిన సందర్భాలే ఎక్కువ కాబట్టి, ఫోను సేవలు అందించే కంపెనీలు దాన్ని ఆపేయమనే చెబుతాయి. కనుక "దండంబు పెట్టుము" అన్నది భక్తితో పెట్టే దండం కాదు, "నీకో దండం తండ్రీ" అని పెట్టే దండం. దాన్ని ఆపాక, బయటి చిరునామా ఏదో ఫోనుకు తెలియజేసే స్టన్‌ను వాడాలి, లేదా అవతలి సర్వరులోనే నాట్‌కు తగిన ఏర్పాటు చేయించాలి.

"రీస్టార్ట్ ఎక్కడా చెప్పలేదే? ఆఫ్ చేసి ఆన్ చేస్తే మా ఫోను మంచిగనే అయితది కదా" అని ఆక్షేపణ. అవుతుంది, కాసేపు. ఫోను తన ఉనికిని సర్వరుకు గంటకొకసారి చెప్పుకునేలా పెట్టి ఉంటే, కొన్ని రూటర్లు మాట్లాడని దారిని నిమిషం లోపే మరిచిపోతాయి. అప్పుడు బయటికి చేస్తే కాల్ పోతుంది, బయటినుంచి చేస్తే ఇక్కడ మోగదు. రీస్టార్ట్ చేస్తే ఆ దారి మళ్లీ తెరుచుకుంటుంది, మళ్లీ మూసుకుంటుంది. దీనికి మందు కీప్ అలైవ్ అనే సెట్టింగు. రోజూ రీస్టార్ట్ చేసే ఆఫీసులో జబ్బు తగ్గలేదు, కనిపించకుండా పోయిందంతే. కవి దాన్ని చెప్పకపోవడం మరుపు కాదు, నిషేధం.

ఛందస్సు: మొదటిది తేటగీతి, రెండోది ఆటవెలది. అలంకారం: "వినఁడు, వినుచుండు" అన్నచోట విరోధాభాసం. విరోధం నాట్ దగ్గర పుట్టి, స్టన్ దగ్గర తీరుతుంది.

ఫలశ్రుతి

ఈ టీకను చదివినంత మాత్రాన ఫోను బాగుపడదు. అయితే మంచి ఫోనును పారేసి కొత్తది కొనే ఖర్చు తప్పుతుంది, ఏ పాపమూ ఎరుగని డ్రైవరుకు తిట్లు తప్పుతాయి. ఆఖరి పాదాన్ని మాత్రం ఆఫీసు వాళ్లంతా మనసున పెట్టుకోవాలి. రూటరు మార్చినవాడు, పోర్టు మార్చినవాడు, తెలిసీ తెలియక ఏదో నొక్కినవాడు ఏమీ రాసిపెట్టకుండా ఉద్యోగం మానేసి పోవడమే ఈ సీమలో సగం జబ్బులకు మూలం. ఒక నోటు పుస్తకం కొని రూటరు పక్కన మేకుకు తగిలించండి. ఎవరు, ఏ రోజు, ఏ అంకెను దేనికి మార్చారో అందులో రాయండి. పాస్‌వర్డు మాత్రం అందులో రాయకండి.