వంపు తీసిన అయస్కాంతం

ఆత్మకథ అన్నాక ‘నేను’తో మొదలవ్వాలి. ఈ అయస్కాంతానికి ఆ అలవాటు లేదు. జర్మనీలోని హాంబర్గ్‌లో, డేజీ పరిశోధన కేంద్రానికి చెందిన 6.3 కిలోమీటర్ల భూగర్భ సొరంగంలో, నాలుగు వందలకు పైగా అయస్కాంతాల వరసలో ఒకటిగా బతికింది. అందుకే తన గురించి కూడా ‘అది’ అనే చెప్పుకుంటుంది.

పొడవు సుమారు 9 మీటర్లు. లోపల నయోబియం-టైటానియం తీగచుట్టలు. ద్రవ హీలియంతో మైనస్ 269 డిగ్రీల దాకా చల్లబరిస్తే, వేల ఆంపియర్ల కరెంటు ఏ అడ్డూ లేకుండా పారుతుంది. 1992 నుంచి 2007 దాకా, హెరా అనే కణత్వరణ యంత్రంలో దాని పని ప్రోటాన్ల దారి మళ్లించడం. దారి గుండ్రం కాబట్టి అయస్కాంతాన్నే కాస్త వంచి తయారుచేశారు.

హెరా ఆగిపోయింది. ఇనుప సామాన్ల కింద పోవలసిందే. కానీ ఆ రోజుల్లోనే భౌతికశాస్త్రంలో ఒక కలకలం రేగింది.

న్యూట్రాన్‌లోని క్వార్కులకు విద్యుదావేశం ఉంటుంది. సిద్ధాంతం ప్రకారం ఆ ఆవేశం కాస్త అటూ ఇటూ ఒరగవచ్చు. కొలిచి చూస్తే ఒరిగిన జాడే లేదు. ఎందుకని? 1977లో పెచ్చీ, క్విన్ ఒక వివరణ ఇచ్చారు. అది నిజమైతే అతి తేలికైన కణమొకటి ఉండాలని 1978లో వైన్‌బర్గ్, విల్చెక్ గుర్తించారు. అదే యాక్సియాన్. 2006లో ఇటలీలోని పీవీలాస్ బృందం, అయస్కాంత క్షేత్రంలో లేజర్ కాంతి ధ్రువణ దిశ మారిందని ప్రకటించింది. ఇలాంటి కణమే కారణమా అని అంతా ఉలిక్కిపడ్డారు. మరుసటి ఏడాది, మెరుగుపరిచిన పరికరాలతో చూస్తే ఆ సంకేతం లేదని ఆ బృందమే చెప్పింది. అలా చెప్పుకోవడం చిన్న విషయమేమీ కాదు!

డేజీ వాళ్లు తమ పద్ధతిలో వెతికారు. అయస్కాంతంలోకి లేజర్ పంపుతారు, మధ్యలో గోడ కడతారు. కాంతి గోడ దగ్గర ఆగుతుంది. ఏ ఫోటానైనా (కాంతి కణమైనా) యాక్సియాన్‌లాంటి కణంగా మారి ఉంటే మాత్రం గోడ దాటేసి, అవతలి అయస్కాంత క్షేత్రంలో మళ్లీ కాంతిగా మారాలి. హెరా అయస్కాంతం ఒక్కదానితో చేసిన తొలి ప్రయోగం ఫలితాలు 2010లో వచ్చాయి. గోడ అవతల చీకటే.

క్షేత్ర బలాన్ని పొడవుతో గుణిస్తే వచ్చే విలువకు నాలుగో ఘాతంలో సంకేతం పెరుగుతుంది. అందుకే ఈసారి గోడకు ఇటు 12, అటు 12 అయస్కాంతాలు పెట్టాలనుకున్నారు. చిక్కల్లా వంపు దగ్గరే. 55 మిల్లీమీటర్ల గొట్టం వంకరగా ఉంటే తిన్నగా వెళ్లే కాంతికి మిగిలేది దాదాపు 35. నడుం పట్టేసినవాళ్లకు నొక్కి సరిచేసినట్టు, ఈ అయస్కాంతాలను బయటినుంచి గట్టిగా నొక్కి వంపు తీశారు. పదిహేనేళ్లు వంకరగా పనిచేసినదానికి అదొక పునర్జన్మే.

సొరంగంలోని తిన్నని భాగంలో, 5.3 టెస్లాల క్షేత్రంతో, ఆల్ప్స్-2 అనే ఈ రెండో ప్రయోగం 2023 మేలో కొలతలు మొదలుపెట్టింది. లేజర్ పరారుణ కాంతిది, తరంగదైర్ఘ్యం 1064 నానోమీటర్లు. గోడ అవతల రోజుకు ఒకటి రెండు ఫోటాన్లు వచ్చినా పసిగట్టగలగాలన్నది లక్ష్యం.

ఇదే వరసతో మరో కొలతా చేయాలని శాస్త్రజ్ఞుల ఆలోచన. బలమైన అయస్కాంత క్షేత్రంలో శూన్యం కూడా కాంతి వేగాన్ని ధ్రువణ దిశను బట్టి అతి స్వల్పంగా మారుస్తుందని ఆయిలర్, హైజెన్‌బర్గ్ 1936లో ప్రచురించిన సిద్ధాంతం చెబుతుంది. ప్రయోగశాలలో లేజర్‌తో దాన్ని ఇంతవరకు ఎవరూ కొలవలేదు.