పక్కింటి లెక్క

నా పేరుతో అచ్చయిన మొదటి నివేదికలో ఒక వాక్యం ఉంది. "సర్వే చేసిన గ్రామాల్లో వలస స్వల్పం. ఉపాధి హామీ పథకం వచ్చాక అది మరింత తగ్గినట్టు ప్రజలు చెబుతున్నారు." ఇది ఏ కోనసీమ గురించో రాసింది కాదు, పాలమూరు గురించి. నాగార్జునసాగర్ మొదలుకొని ఎక్కడ ఆనకట్ట కట్టినా, ఎక్కడ కాలువ తవ్వినా తట్ట మోసిన జిల్లా అది. "పాలమూరు లేబర్" అంటే చాలు, కాంట్రాక్టర్లకు ఇంకో ఆనవాలు అక్కర్లేదు. బొంబాయి, దుబాయి, బొగ్గుబాయి అని తెలంగాణ అంతా గొంతెత్తి చెప్పుకుంటున్న రోజుల్లో, ఆ బొంబాయికి మనుషుల్ని పంపే ఊళ్లలోనే కూర్చుని నేను వలస స్వల్పమని తేల్చాను.

ఆ వాక్యంలో అబద్ధం ఒక్కటీ లేదు. నా తెలివితక్కువతనం గొప్పదనం అక్కడే ఉంది. దొంగలెక్క రాసి ఉంటే కనీసం దొంగనైనా అనిపించుకునేవాణ్ని.

ఎం.ఏ. ఆర్థికశాస్త్రం పూర్తిచేసి హైదరాబాద్‌లో ఒక పరిశోధన సంస్థలో కొత్తగా చేరాను. ఉపాధి హామీ 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. తొలి విడత 200 జిల్లాల్లో మహబూబ్‌నగర్, అంటే పాలమూరు, ఒకటి. రెండేళ్లలో ఏం మారిందో చూసి రమ్మని మమ్మల్ని పంపారు. సంక్రాంతి వెళ్లాక బయల్దేరాం. వానలుండవు, ఎండలింకా ముదరవు, జీపు ఎక్కడా దిగబడదు. పైగా మార్చిలోగా డబ్బు ఖర్చుపెట్టి లెక్క చూపించాలి. పరిశోధనకు ఇంతకంటే మంచి ముహూర్తం ఉండదనుకున్నాను.

ఓటర్ల జాబితా నుంచి ఇళ్లను ముందే ఎంచి ఇచ్చారు. వెంట ఒక నియమం కూడా ఇచ్చారు: ఎంచిన ఇంటికి తాళం ఉంటే దాని కుడిపక్క ఇంటికి వెళ్లాలి, దానికీ తాళమైతే ఆ పక్కదానికి. ఈ నియమాన్ని ఎంత భక్తిగా పాటించానో చెప్పలేను. కొన్ని వాడల్లో వరసగా తాళాలే. కుడికి, మళ్లీ కుడికి పోతూ పోతూ ఊరి నడిమికి, గచ్చు అరుగుల ఇళ్లకు చేరేవాణ్ని. జాబితాలో ఉన్నది కూలి చేసుకునే ఇల్లు, ఫారంలోకి ఎక్కింది పంపుసెట్టున్న రైతు ఇల్లు. సాయంత్రానికి అనుకున్న ఫారాలన్నీ నిండేవి. ఒక్క ఖాళీ కూడా లేదని సూపర్‌వైజర్ మెచ్చుకునేవాడు, నేను పొంగిపోయేవాణ్ని.

పైగా నేను వేసిన ప్రశ్న చూడండి: "మీ ఇంట్లో ఈ ఏడు ఎవరైనా వలస వెళ్లారా?" ఇంట్లో ఉన్నవాళ్లను అడిగాను. లేదు సారు, అన్నారు. "ఉపాధి పని వచ్చాక వలస తగ్గిందా?" తగ్గింది సారు. హాజరైన పిల్లల్ని నిలబెట్టి, బడికి రానివాళ్లు చెయ్యెత్తండి అంటే ఎన్ని చేతులు లేస్తాయో నాకు అన్ని లేచాయి. ఎవరూ లేపలేదని పట్టికలో వేసుకున్నాను.

కళ్లు మూసుకుని తిరగలేదు. అన్నీ చూశాను. ఒక ఊళ్లో చిన్న కిరాణా కొట్టు ముందు, బిస్కెట్ పొట్లాల పక్కన, తాళంకప్పలు దండగా వేలాడుతున్నాయి. ఇంత చిన్న ఊళ్లో ఇన్ని తాళాలు ఎవరు కొంటారని నవ్వుకుని, రెండు సోడాలు తాగి వచ్చేశాను. ఇంకో సాయంత్రం జీపు చెడిపోతే బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డాను. జొన్నల సంచులు, సత్తుగిన్నెల మూటలు, చంకల్లో పిల్లలతో ఊరి జనం సగం నా చుట్టూ ఉన్నారు. బస్సు వచ్చింది, అంతా తోసుకుంటూ ఎక్కారు. కండక్టర్‌ను అడిగాను, "ఏం జాతర అన్నా ఇది?"

"బొంబాయి జాతర సారు. ఏటా అయితది," అన్నాడతను.

చమత్కారానికి నవ్వి, మహబూబ్‌నగర్ పోయే బస్సు కోసం మళ్లీ నిలబడ్డాను. మర్నాడు పొద్దున్నే పక్క ఊళ్లో మొదటి ఇంటి ముందు కూర్చుని అడిగాను: "మీ ఇంట్లో ఈ ఏడు ఎవరైనా వలస వెళ్లారా?"

అప్పుల సంగతి ఇంకా బాగుంటుంది. ఒక ఊళ్లో మాకు చేదోడుగా ఒక పెద్దమనిషి దొరికాడు. కుర్చీలు వేయించాడు, చాయ్ తెప్పించాడు, ఎండలో మాతోపాటు గడపగడపకూ తిరిగాడు. "సారు అడిగినదానికి నిజం చెప్పుండ్రి" అని ప్రతి ఇంట్లోనూ ముందుగా ఆయనే గట్టిగా చెప్పేవాడు. ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుని "ఎవరి దగ్గరైనా అప్పు తీసుకున్నారా?" అని అడిగాను. లేదు సారు, లేదు సారు. అప్పులేని ఊరని రాసుకున్నాను. ఆయన గుంపు మేస్త్రీ. పండగకో, పెళ్లికో, ఆసుపత్రికో ముందుగా డబ్బిచ్చి, పంట అయిపోయాక మొగుణ్నీ పెళ్లాన్నీ జోడీగా పనికి తీసుకుపోయే మనిషి. ఆ డబ్బును వాళ్లు అప్పు అనరు, అడ్వాన్స్ అంటారు. నా ప్రశ్నావళిలో బ్యాంకు, సొసైటీ, షావుకారు, బంధువు, పొదుపు సంఘం ఉన్నాయి. అడ్వాన్స్‌కు గడి లేదు. ఉన్నా ఆయన ఎదుట నోరెవరు విప్పుతారు? ఆయన సాయానికి నివేదిక ముందుమాటలో కృతజ్ఞతలు కూడా చెప్పాం.

ఇవన్నీ ఒక ఎత్తు, ఒక అవ్వతో మాట్లాడింది ఒక ఎత్తు. తాళం లేని ఇల్లు దొరికిందని సంతోషంగా వెళ్లాను. నలుగురు చిన్నపిల్లలు, వాళ్లకు గంజి పోస్తున్న ముసలామె.

"ఇంట్లో పెద్దవాళ్లు లేరా అవ్వా?"

"నేను గాదా బిడ్డా పెద్దదాన్ని? కొడుకులు కోడండ్లు పూణెకు వొయిండ్రు. ఉగాదికొస్తరు."

చెప్పింది కదా! ఇంకెవరూ చెప్పనంత తేటగా చెప్పింది. కానీ నా చేతి పుస్తకం ప్రకారం, ఆ పూట ఆ పొయ్యి మీద వండుకుని తినేవాళ్లే కుటుంబ సభ్యులు. కాబట్టి సభ్యులు ఐదుగురు, పనిచేసేవారు సున్నా, ఆదాయం 200 రూపాయల వృద్ధాప్య పింఛను, వలస వెళ్లినవారు "వర్తించదు" అని నింపాను. ఆమె ఇంకా ఏదో చెబుతోంది, రాత్రి చిన్నదానికి జ్వరమొస్తే ఎవరిని లేపాలో తెలియలేదని. దానికి గడి లేదు.

హైదరాబాద్ వచ్చాక కంప్యూటర్‌లో లెక్కలు శుభ్రం చేసే పని కూడా నాకే అప్పగించారు. నలుగురు పిల్లలు, ఒక ముసలామె, నడివయసు మనిషి ఒక్కరూ లేరు, తలసరి ఆదాయం అసాధ్యమనిపించేంత తక్కువ. ఇలాంటి ఇళ్లు ఇంకా కొన్ని తగిలాయి. ఎన్యూమరేటర్ పొరపాటు చేసి ఉంటాడని తీసేశాను. ఎన్యూమరేటర్ నేనే. ఊళ్లో తాళం వేసిన ఇళ్లను దాటి వెళ్లినవాణ్ని, ఆఫీసులో తాళం వేయని ఇళ్లను కూడా చెరిపేశాను. మిగిలిన అంకెలు ఒకదానితో ఒకటి చక్కగా అతికాయి.

ఇదంతా తెలిసివచ్చింది నా బుద్ధి వికసించి కాదు. ఇంకో పని మీద, వ్యవసాయ పెట్టుబడుల సర్వేకు, మృగశిర కార్తె వెళ్లాక అవే ఊళ్లలో ఒకదానికి పోవాల్సివచ్చింది. దారి తప్పాననుకున్నాను. వాడల నిండా మనుషులు, చెల్కల్లో దుక్కులు, విత్తనాల బేరాలు. నేను కుడికి తిరిగి దాటేసిన వాడలో ప్రతి గడపా తెరిచే ఉంది. మా మునుపటి సర్వే సంగతి చెబితే ఒకాయన నన్ను ఎగాదిగా చూశాడు.

"ఎప్పుడొచ్చిండ్రు సారు? మేం లేనప్పుడా? మరి మా సంగతి ఎవరిని అడిగిండ్రు?"

మీ పక్కింటివాళ్లను అని చెప్పలేక, సైట్ మీద కూలి ఎంతిస్తారని మాట మార్చాను.

ఆఫీసులో చెప్పాను. నివేదిక పంపేశాం కదా అన్నారు. నేనూ గట్టిగా పట్టుబట్టలేదు. అది మూర్ఖత్వం కాదు, పిరికితనం. కాబట్టి ఈ వ్యాసం పరిధిలోకి రాదు.

తరవాత కొన్నేళ్లు నిర్వచనాల చాటున దాక్కున్నాను. చాటు పెద్దదే. జాతీయ శాంపిల్ సర్వే 2007-08 విడతలో తాత్కాలిక వలస అంటే ఏడాదిలో నెల మొదలు ఆరు నెలల లోపు పని కోసం బయట ఉండడం. అంతకుముందు 1999-2000లో కనీసం అరవై రోజులు. దసరా వెళ్లాక ఊరు వదిలి, ఉగాదికి ముఖం చూపించి మళ్లీ పోయి, మృగశిరకు గాని తిరిగిరాని కుటుంబం ఆరు నెలల గీత దాటిపోతుంది. ఆ కుటుంబం తాత్కాలికంలోకి రాదు, శాశ్వతంగా పోయిందీ కాదు. పైగా ఇంటిల్లిపాదీ పోతే ప్రశ్న అడగడానికి గడప దగ్గర మనిషే ఉండడు. 2011 జనాభా లెక్కల వాళ్లు ఇంటింటికీ తిరిగింది ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా. ఆ రోజులన్నీ బయటే ఉన్నవాణ్ని ఊరి లెక్కలో వేయరు, ఉన్నచోట లెక్కపెట్టాలి. ఉన్నచోటంటే సగం కట్టిన భవనమో, కాలువ గట్టున గుడారమో. ఇంత పెద్దవాళ్లకే దొరకనివాళ్లు నాకు దొరక్కపోతే వింతేముంది అని సర్దిచెప్పుకునేవాణ్ని.

ఆ సర్దుబాటును చెడగొట్టింది నా అలమారలోని ఒక పుస్తకమే. రాబర్ట్ చాంబర్స్ 1983లో రాసిన "రూరల్ డెవలప్‌మెంట్: పుటింగ్ ద లాస్ట్ ఫస్ట్." పరిశోధకులు తారురోడ్డు పక్క ఊళ్లకే పోతారని, వానలు లేనప్పుడే పోతారని, మగవాళ్లతో, పెద్దమనుషులతోనే మాట్లాడి వస్తారని అందులో ఒక్కొక్కటిగా ఎత్తిచూపాడు. నేను యూనివర్సిటీ హాస్టల్లో ఉండగానే చదివి, ఆ పేజీల్లో ఎర్రసిరాతో గీతలు గీశాను. గీతలు ఇప్పటికీ ఉన్నాయి. అందులో ఉన్న పొరపాట్లలో నేను వదిలిపెట్టింది ఏదైనా ఉందేమోనని వెతికాను, కనిపించలేదు.

దూరం పోనక్కర్లేదు. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ 1975లో ఇదే మహబూబ్‌నగర్ జిల్లాలో అవురుపల్లి, డోకూరు అనే రెండు ఊళ్లను ఎంచుకుని ఏళ్ల తరబడి అవే కుటుంబాల వెంట నడిచింది. సమాచారం సేకరించేవాళ్లు ఊళ్లోనే కాపురముండి, కొద్దివారాలకోసారి అవే గడపలకు మళ్లీ వెళ్లేవారు. ఆ పద్ధతిలో తాళం పడిన రోజు, తీసిన రోజు రెండూ కనబడతాయి. నేను ఆ అధ్యయనాన్ని నా నివేదికలో ప్రస్తావించాను కూడా.

2016-17 ఆర్థిక సర్వే వచ్చినప్పుడు ఆ బస్సు కండక్టర్ గుర్తొచ్చాడు. ఇంటింటి ప్రశ్నలు పక్కనపెట్టి, 2011 నుంచి 2016 వరకు రైల్వే అన్‌రిజర్వ్‌డ్ టికెట్లను చూసి, ఏటా దాదాపు 90 లక్షల మంది పని కోసం రాష్ట్రాలు దాటుతున్నారని అందులో అంచనా వేశారు. జనాభా లెక్కల్లోంచి అప్పటిదాకా తీసిన అంచనాలకంటే అది బాగా పెద్దది. టికెట్ కొట్టేవాడికి తెలిసిన సంగతి ఆర్థికవేత్తలకు తెలియడానికి ఇంతకాలం పట్టింది. నాకైతే ఆయన ముఖం మీదే చెప్పాడు.

2020లో ఉగాది మార్చి 25న వచ్చింది. దేశమంతటా లాక్‌డౌన్ మొదలైందీ ఆ రోజే. పండక్కి ఇల్లు చేరాల్సినవాళ్లు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు, తరవాత నడిచారు. ఆ దారిలో ఎంతమంది చనిపోయారని సెప్టెంబర్‌లో లోక్‌సభలో అడిగితే, అలాంటి లెక్క తమ దగ్గర లేదని కేంద్ర కార్మిక శాఖ రాతపూర్వకంగా జవాబిచ్చింది. పేపర్లో ఆ వార్త చదివినప్పుడు నాకు ప్రభుత్వం మీద కోపం రావాలి, వచ్చింది కూడా. కానీ "వర్తించదు" అని ఒకప్పుడు రాసిన చెయ్యి ఆ పేపర్‌ను పట్టుకుని ఉంది.

ఎత్తిపోతల నీళ్లు అందినచోట పాలమూరులో ఇప్పుడు తాళాలు తగ్గాయి. తెలంగాణలో నాట్లు వేయడానికి బిహార్ నుంచి, బెంగాల్ నుంచి జట్లు వస్తున్నాయి. వాళ్ల ఊళ్లలో ఏ కుర్ర పరిశోధకుడో ఫారాల కట్ట పట్టుకుని కుడిపక్క ఇంటికి నడుస్తూనే ఉండాలి. అతను నా మాట వింటే చెప్పేది ఒక్కటే. తాళం కనిపిస్తే పక్కింటికి పోకు నాయనా. ఫారం మీద "తాళం" అని రాసి, ఎదురింటి అరుగు మీద కూర్చున్న ముసలివాళ్లను ఎవరు, ఎక్కడికి, ఎప్పుడొస్తారని అడుగు. మృగశిర దాటాక మళ్లీ ఒకసారి వెళ్లు.

తదుపరి జనాభా లెక్కల్లో మనుషుల్ని లెక్కపెట్టేది 2027 ఫిబ్రవరిలో. మన రాష్ట్రాలకు ప్రామాణిక సమయం మార్చి 1 తొలి క్షణం. ఆ ఏటి ఉగాది దాని తరవాతే వస్తుంది.