399 పక్కన అరుంధతీ నక్షత్రం

ఉప్పల్ రింగ్ రోడ్డు నుంచి నాచారం వైపు వెళ్తుంటే దారిలో ప్రతి కరెంటు స్తంభానికీ నడుము దగ్గర ఏదో ఒక ఫ్లెక్సీ ముక్క కట్టి ఉంటుంది. బాయ్స్ హాస్టల్, ఆపరేషన్ లేకుండా మొలలకు వైద్యం, వాటి కింద హైస్పీడ్ ఇంటర్నెట్. నెలకు ఇంత మాత్రమే. ఆ అంకె పక్కన చిన్న చుక్క. పెళ్లిలో పురోహితుడు పట్టపగలు ఆకాశంలోకి చూపించి అరుంధతి కనబడిందా అంటాడు, కొత్త జంట కనబడిందనే తలూపుతుంది. ఫ్లెక్సీ మీది చుక్క సంగతీ అంతే. షరతులు కింద ఎక్కడో ఉన్నాయని అందరికీ తెలుసు. చదివినవాడు లేడు. చదవాలంటే స్తంభం ఎక్కాలి.

బిల్లులు పోల్చి చూసుకుంటే డబ్బు మిగులుతుందని చెప్పేవాళ్లకు ఇప్పుడు కొదవ లేదు. పోల్చడానికి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో టారిఫ్ పోర్టల్ పెట్టింది, 2020లో చానెళ్లు ఎంచుకునే యాప్ ఇచ్చింది. ఇక కాలనీకొక మేధావి ఎలాగూ ఉంటాడు. ఆరు నెలలకో కంపెనీ మారుస్తాడు, ఇంట్లో మూడు పాత రూటర్లు అట్టపెట్టెలో పెట్టుకుంటాడు, లిఫ్టులో ఎవరు దొరికినా ‘మీరు ఎంత కడుతున్నారండీ?’ అని మొదలుపెడతాడు. వచ్చిన జవాబు ఎంతైనా ‘అంత ఎందుకు?’ అనడమే ఆయన వృత్తి.

అంత ఎందుకో చూద్దాం. 2020 సెప్టెంబరులో జియోఫైబర్ 30 ఎంబీపీఎస్ ప్లాన్‌ను 399 రూపాయలన్నది. 18 శాతం జీఎస్టీ కలిస్తే అది 470 రూపాయల 82 పైసలు. అదే కాలంలో ఎయిర్‌టెల్ 499 అన్నది చేతికొచ్చేసరికి 588.82 అయింది, బీఎస్ఎన్ఎల్ 449 కాస్తా 529.82. కిరాణా కొట్లో ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్ మీద కూడా ‘అన్ని పన్నులతో కలిపి’ అని అచ్చు వేయక తప్పదు. నాచారంలో ఏ టిఫిన్ సెంటరైనా ఇడ్లీ ధర రాసి చట్నీ విడిగా అంటే మధ్యాహ్నానికల్లా షట్టరు దించుకోవాలి. నెట్ కంపెనీకి ఆ బెడద లేదు. అంకె 399 దగ్గరే ఆగుతుంది, జేబులోంచి 471 వెళ్తుంది, మధ్యలోని డెబ్బై రెండు రూపాయలు చుక్కలోకి పోతాయి. ప్రకటనలన్నీ పన్ను ముందటి ధరల్ని పక్కపక్కన పెట్టి పోల్చుకోమంటాయి. పెళ్లికూతుళ్ల ఫొటోలు చూసి కట్నం లెక్క వేయమన్నట్టు.

‘అపరిమితం’ అనే మాట ఇంకా ముచ్చటైనది. ఫైబర్ ప్లాన్లలో అపరిమితానికి చాలాచోట్ల ఒక పరిమితి ఉంది: నెలకు 3300 జీబీ. న్యాయంగా చెప్పాలంటే మామూలు ఇంట్లో అంత ఎవరూ వాడలేరు, తాతయ్య రోజంతా యూట్యూబ్‌లో ప్రవచనాలు విన్నా సరే. కానీ అనంతానికి నాలుగంకెల సంఖ్య వేసిన ఘనత గణిత శాస్త్రంలో ఎవరికీ దక్కలేదు, టెలికాం కంపెనీల ప్లాన్ డిజైనర్లకు దక్కింది. సెల్ రీచార్జీలో ఈ ప్రతిభ క్యాలెండరు దాకా పాకింది. అక్కడ నెల అంటే 28 రోజులు, కాబట్టి సంవత్సరానికి పదమూడు నెలలు. కనీసం ఒక్కటైనా 30 రోజుల ప్లాన్ పెట్టండని 2022లో ట్రాయ్ కంపెనీలకు చెప్పాల్సి వచ్చింది.

ఇక డిష్ బిల్లు. కేబుల్ వైరే అయినా దాన్ని డిష్ అనడం హైదరాబాద్ అలవాటు. దీని కథ నిదానంగా చెప్పుకోదగ్గది.

‘చూసే చానెల్‌కే డబ్బు కట్టండి, చూడనిదానికి మానేయండి’ అన్న గొప్ప మాటతో ట్రాయ్ 2017లో కొత్త టారిఫ్ ఉత్తర్వు రాసింది. కోర్టులన్నీ తిరిగి అది 2019 ఫిబ్రవరికి మన గుమ్మంలోకి వచ్చింది. బిల్లు వసూలుకొచ్చే అబ్బాయి ఆ నెల రసీదు పుస్తకంతో పాటు జిరాక్సు కాగితాలు తెచ్చాడు. చానెల్ పేరు, ధర, టిక్కు పెట్టడానికి గడి. ఇంటిల్లిపాదీ పోలింగ్ బూత్‌లో నిలబడ్డట్టు కాగితం చుట్టూ చేరింది. బామ్మకి సీరియల్ చానెళ్లు, మనవడికి కార్టూన్లు, ఇంటాయనకి క్రికెట్, వార్తల కోసం అన్ని పార్టీల చానెళ్లూ, భక్తి కోసం ఒకటి, భక్తిలో వాళ్లూ వీళ్లూ ఉంటారు కనుక ఇంకొకటి. ‘నువ్వు చూసేదొక్కటే కదా, నాలుగెందుకు?’ అంటే బామ్మ ‘బ్రేకులో ఏం చూడను?’ అంది. గంటకు పన్నెండు నిమిషాలకు మించి ప్రకటనలు వేయకూడదని రూలుంది. ఆ పన్నెండు నిమిషాలు గడపడానికే తతిమ్మా మూడు చానెళ్లు.

అప్పటి లెక్క కూడితే ఇదీ వరస. ఏ పే చానెల్ చూడకముందే వంద చానెళ్ల నెట్‌వర్క్ ఫీజు గరిష్ఠంగా 130 రూపాయలు, పన్నుతో 153 రూపాయల 40 పైసలు. గుళ్లోకి అడుగు పెట్టకముందే చెప్పుల స్టాండు దగ్గర కట్టే డబ్బులాంటిది. ఆ వందలో పాతిక దూరదర్శన్ చానెళ్లు తప్పనిసరి. హెచ్‌డీ చానెల్ ఒకటి తీసుకుంటే రెండుగా లెక్క. బొకేలో, అంటే చానెళ్లన్నీ కలిపి గంపగుత్తగా అమ్మే కట్టలో, పెట్టే చానెల్ విడి ధర 19 రూపాయలు దాటకూడదని నియమం పెడితే, పెద్ద వినోద చానెళ్లు సరిగ్గా ఆ గీత మీదకో దాని పక్కకో వచ్చి కూచున్నాయి. అలాంటివి నాలుగు తీసుకుంటే 76. అన్నీ కలిపి, పన్ను వేసి, 243 రూపాయల 8 పైసలు. నాలుగంటే నాలుగే. క్రికెట్, కార్టూన్లు ఇంకా గుమ్మం బయటే ఉన్నాయి. పది ప్రధాన చానెళ్లు ఎంచుకునేవాళ్ల నెల బిల్లు 230, 240 నుంచి సుమారు 300కు పెరగొచ్చని, ఐదుతో సరిపెట్టుకుంటే తగ్గుతుందని క్రిసిల్ సంస్థ అప్పట్లోనే లెక్కేసి చెప్పింది. ట్రాయ్ ఆ లెక్క తప్పంది. బామ్మ మాత్రం ఐదుతో సరిపెట్టుకోలేదు.

ఇంతలో బ్రాడ్‌కాస్టర్లు బొకేలు కట్టారు. పది చానెళ్ల బొకే ధర చూస్తే మూడు చానెళ్లు విడిగా కొన్నవాడు తెలివితక్కువవాడిలా కనబడాలి, అదీ కిటుకు. కూరగాయల బండి దగ్గర టమాటా కిలో నలభై, వంకాయా బెండకాయా పుచ్చిన దోసకాయా కలిపి కుప్ప యాభై అంటే ఏం చేస్తాం? కుప్పే తెచ్చుకుంటాం. టిక్కులు పెట్టిన కాగితాలు నెల తిరక్కుండానే ఏ సొరుగులోకో వెళ్లాయి. ‘అవన్నీ ఎందుకు ఆంటీ, నేను ప్యాక్ పెట్టేస్తా, అన్నీ వస్తాయి’ అన్నాడు కేబుల్ అబ్బాయి. ఆ ఒక్క వాక్యంతో ఒక జాతీయ విధానం ముగిసింది.

ముగిసిందని ఢిల్లీకి మాత్రం తెలియలేదు. 2020 జనవరిలో ఆ 19ని 12కు దించారు, నెట్‌వర్క్ ఫీజు 130కే రెండొందల చానెళ్లివ్వమన్నారు. బ్రాడ్‌కాస్టర్లు బొంబాయి హైకోర్టుకెళ్లారు. 2022 నవంబరులో 12 మళ్లీ 19 అయింది. కొత్త ధరలు 2023 ఫిబ్రవరిలో వచ్చినప్పుడు, ఒప్పందం మీద సంతకం పెట్టని కేబుల్ సంస్థలకు పెద్ద నెట్‌వర్కులు సిగ్నలే ఆపేశాయి. చివరికి 2024 జులైలో ట్రాయ్ ఆ 130 రూపాయల కట్టుబాటునే ఎత్తేసి, నెట్‌వర్క్ ఫీజు ఎంతో మీరే చూసుకోండని ఆపరేటర్లకు వదిలేసింది. ఏడేళ్లలో 19 వెళ్లి 12 వచ్చి 19 అయింది, 130 వచ్చి వెళ్లిపోయింది. ఈ మొత్తానికి పెట్టిన పేరు వినియోగదారుడి ఎంపిక.

కేబుల్ తీసేసి ఫైబర్ పెట్టుకుంటే పోలా, ఓటీటీలు ఉచితంగా వస్తాయి కదా అంటాడు లిఫ్టు మేధావి. ఇక్కడ ఉప్పల్ వాళ్ల దగ్గర ఒక కొలబద్ద ఉంది, అమీర్‌పేట వాళ్లకు లేనిది. అది రాజీవ్ గాంధీ స్టేడియం. 2025 ఏప్రిల్ 12 రాత్రి అక్కడ ఐపీఎల్‌లో పంజాబ్ మీద అభిషేక్ శర్మ 55 బంతుల్లో 141 కొట్టాడు. ధ్వని కిలోమీటరు దూరాన్ని మూడు సెకన్లలో దాటుతుంది. అంటే రెండు కిలోమీటర్ల దూరంలో డాబా మీద కూచున్నవాడికి స్టేడియం అరుపు ఆరు సెకన్లలో చేరుతుంది. ఓటీటీలో లైవ్ అన్నది తరచూ అర నిమిషం వెనకబడి వస్తుంది. ఫలితం ఏమిటంటే, ఫోన్‌లో బౌలర్ ఇంకా ప్యాంటుకి బంతి రుద్దుకుంటూనే ఉంటాడు, గాలిలోంచి సిక్సర్ వచ్చేసి ఉంటుంది. పక్కింట్లో కేబుల్ టీవీ వాళ్లు చప్పట్లు కొట్టడం కూడా అయిపోయాక మన బ్యాట్స్‌మన్ తీరిగ్గా కొడతాడు. నెలకింతని కట్టి చూసేది పాత కబురు, పైసా కట్టకుండా వినేది తాజా వార్త.

ఉచితం సంగతి కూడా ఐపీఎల్‌లోనే తేలింది. 2023లో, 2024లో జియోసినిమాలో ఆటలన్నీ ఊరికే చూపించారు. 2025 ఫిబ్రవరి 14న, ప్రేమికుల రోజున, అది హాట్‌స్టార్‌తో కలిసిపోయి జియోహాట్‌స్టార్ అయింది, పెళ్లి ఖర్చు చూసేవాళ్ల మీద పడింది. రుచి మరిగించడం ముందు, వడ్డించడం తర్వాత, బిల్లు ఆఖర్న. ఇందులో మోసం ఏమీ లేదు, మామూలు వ్యాపారం. నవ్వొచ్చేది దాన్ని పొదుపు అని పిలిచినప్పుడే. కేబుల్ తీసేద్దామని ఫైబర్ పెట్టిన ఇంట్లో బామ్మ సీరియల్ కోసం కేబుల్ అలాగే ఉంటుంది. ఫైబర్ వచ్చిందని సెల్ రీచార్జ్ ఎవరూ మానరు. తెలుగు సినిమాలకు ఆహా, క్రికెట్‌కు ఒకటి, పిల్లాడి స్నేహితుడి ఇంట్లో ఉంది కనుక మరొకటి. తగ్గించుకునే ప్రయత్నం మొదలైనప్పుడు ఇంట్లో ఒక బిల్లు, ఒక రిమోటు. ప్రయత్నం ఫలించాక నాలుగు బిల్లులు, మూడు రిమోట్లు.

వేగం గురించి క్లుప్తంగా. 4కే బొమ్మకు 15 ఎంబీపీఎస్, ఫుల్ హెచ్‌డీకి 5 ఉంటే చాలని నెట్‌ఫ్లిక్సే చెప్తోంది. అంటే ముందు చెప్పుకున్న 30 ఎంబీపీఎస్ ప్లాన్‌లోనే రెండు 4కే టీవీలు ఆడతాయి. మన ఇళ్లలో 4కే టీవీలు రెండున్న ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అయినా ‘300 తీసుకోండి సార్, ఫ్యూచర్‌లో ఇబ్బంది ఉండదు’ అంటాడు ఏజెంటు, ఉప్పల్ మార్కెట్ నుంచి కొత్తిమీర తేవడానికి లారీ మాట్లాడుకోమన్నట్టు. తీసుకున్నా వేగం రూటరు దాకానే వస్తుంది. రూటరు ఎక్కడుంది? వైరు కిటికీలోంచి వచ్చింది కనుక కిటికీ పక్కన, చెప్పుల స్టాండు పైన, పాత క్యాలెండరు వెనకాల. రెండు గోడలు దాటి పడగ్గదిలోకి వెళ్లేసరికి 300 ఎంతైందో ఎవరూ కొలవరు. సిగ్నల్ రావట్లేదని పెద్ద ప్లాన్‌కి మారతారు. రూటరు ఓ మూడడుగులు ముందుకు జరపరు.

వీటన్నిటి కింద అసలు సంగతి ఒకటుంది, ఏ యాప్‌లోనూ కనబడనిది: స్తంభం. పోల్చే పట్టికలో పది కంపెనీలు ఉంటాయి. ఫోన్ చేస్తే ఏడుగురు ‘మీ గల్లీలో ఫీజిబిలిటీ లేదు సార్’ అంటారు. మిగిలినవాళ్లలో అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఎవరితో మాట్లాడుకుంటే వాళ్లదే వైరు. పెట్టాక పెట్టెలో ఎర్ర లైటు వెలిగితే ‘ఫైబర్ కట్ అయింది సార్, సాయంత్రానికి వచ్చేస్తది’. ఏ రోజు సాయంత్రమో చెప్పరు. ఏళ్ల తరబడి ఎవరు ఎప్పుడు కట్టారో తెలియని తీగలు, కంపెనీ మారినప్పుడల్లా వదిలేసిపోయిన తీగలు, కట్టలు కట్టలుగా మన తలల మీద వేలాడుతుంటాయి.

ఇక్కడ వేళాకోళం ఆపాలి. 2025 ఆగస్టు 17 రాత్రి ఉప్పల్‌కు ఆనుకునే ఉన్న రామంతాపూర్‌లో కృష్ణాష్టమి రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత విద్యుత్ శాఖ స్తంభాల మీది కేబుళ్లను కత్తిరించింది. నగరంలో చాలాచోట్ల నెట్ ఆగిపోయింది. అనుమతి ఉన్న తీగ ఏది, లేనిది ఏది అన్న వాదన హైకోర్టుకు ఎక్కింది. నెలకు ఇంత మాత్రమే అన్న ఫ్లెక్సీ కట్టిందీ ఆ స్తంభాలకే. ఆ ధర అంత చవగ్గా ఎలా వచ్చిందో అడగాలని, పోల్చి చూడటంలో ఆరితేరిన మనకెవరికీ తోచలేదు.

పోల్చడం మానేయమని కాదు. పోల్చాల్సింది ఫ్లెక్సీలను కాదు, రసీదులను. నెట్‌వర్క్ ఫీజు, చానెళ్ల డబ్బు, బాక్సు అద్దె, పన్ను బిల్లులో విడివిడిగా చూపించాలని 2017 నాటి ట్రాయ్ నిబంధనల్లోనే ఉంది. వచ్చే నెల డిష్ అబ్బాయి వచ్చి మొత్తం ఎంతో నోటితో చెప్తే, అలా రాసిన రసీదు అడగండి. అతని మీద కేకలేయకండి, వందల మెట్లెక్కి దిగేది అతనే, ధర పెట్టింది అతను కాదు. రసీదు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడొచ్చు. ఆ ఫోన్‌కు డబ్బులు పడవు.