అన్నవిష సూత్రం – ‘జి.ఈ. రోడ్డు’ వ్యాఖ్యాసహితం

మూలం: “అన్నం విషం. నేను మానేశాను. ఆర్నెల్లలో పదహారు కిలోలు పోయాయి. మీరూ మానేయండి.”

అవతారిక. ఈ సూత్రకర్త భిలాయి ఉక్కు కర్మాగారంలో ఉద్యోగ విరమణ చేసి రిసాలీలో ఇల్లు కట్టుకున్న ఒక తెలుగు పెద్దమనిషి. నేను బాబాయిగారూ అని పిలుస్తాను. గ్రంథం వెలువడే స్థలం భోజనాల పంక్తి. కాలం, పక్కవాడి విస్తట్లో పులిహోర పడిన ఉత్తరక్షణం. సీమంతమైనా, గృహప్రవేశమైనా, గుడిలో అన్నదానమైనా పాఠభేదం లేదు. విద్య కావలసినవాడు సమిధలు పట్టుకుని గురువును వెతుక్కుంటూ వెళ్లాలని పాతకాలపు నియమం. ఇక్కడ గురువే విస్తరి విస్తరికీ వస్తాడు.

మన తెలుగువాడే అయిన మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ అక్కరలేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకుని కాళిదాసు కావ్యాలు మూడింటికి ‘సంజీవని’, భారవికి ‘ఘంటాపథం’ రాశాడు. ఆ ఒట్టులో రెండో సగం నా వల్ల కాదు. ఘంటాపథమంటే రాచబాట, మా ఊరి రాచబాట జి.ఈ. రోడ్డు. అందుచేత ఈ వ్యాఖ్యకు ఆ పేరు.

ప్రతిపదార్థం. నేను = అన్ని వాక్యాలకూ కర్త. తక్కినవి స్పష్టం.

“అన్నం విషం.” ఈ మాట పలికిన దేశం ఏదో గమనించాలి. ఛత్తీస్‌గఢ్‌కు ‘ధాన్ కా కటోరా’ అని బిరుదు. ఇక్కడ చీలా బియ్యప్పిండే, ఫరా బియ్యప్పిండే. రాత్రి అన్నంలో నీళ్లు పోసి పొద్దున ఉల్లిపాయతో తినే ‘బోరే బాసీ’ మన చద్దన్నానికి తోడబుట్టింది. 2022 మే డే నాడు కార్మికుల గౌరవార్థం అందరూ అదే తినాలని ఇక్కడి ప్రభుత్వమే పిలుపునిచ్చింది. 1955లో సోవియట్ వాళ్లతో ఒప్పందం కుదిరింది మొదలు 1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగేదాకా మట్టి తవ్వినవాళ్లు ఏం తిని తవ్వారు? శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైలెక్కి వచ్చిన మనవాళ్లు ఏం తిని నిలబడ్డారు? సూత్రం నిజమైతే ఈ ఊరు పుట్టకముందే పోవాలి. కనుక ‘కుర్చీలో కూర్చునేవాడు మారు మీద మారు వడ్డించుకుంటే’ అని అధ్యాహారం చేసుకోవాలి. ఆ పాటి అధ్యాహారం సూత్రకర్తే చేసి ఉంటే మాకు ఈ శ్రమ తప్పేది.

“మానేశాను.” తగ్గించడం వేరు, మానేయడం వేరు. కార్బన్ తగ్గించే విద్య భిలాయికి ఎవరూ నేర్పనక్కరలేదు. ఫర్నేస్ నుంచి దిగిన ఇనుములో ఇంచుమించు 4 శాతం కార్బన్ ఉంటుంది. కన్వర్టర్‌లో ఆక్సిజన్ ఊదితే అది కాలిపోయి ఉక్కు వస్తుంది. అయితే రైలు పట్టాకు 0.6 నుంచి 0.8 శాతం దాకా ఉంచుతారు. మరీ ఊదేస్తే ఇనుము మెత్తబడుతుంది. అలాంటప్పుడు పోయిన కార్బన్‌ను మళ్లీ కలపడమూ ఉంది. మూడున్నర దశాబ్దాలు అక్కడే పనిచేసిన బాబాయిగారికి ఇది నేను చెప్పాలా? ఈ ఉపమానం కూడా సగం దూరమే నడుస్తుందనుకోండి. మిల్లు దాటిన పట్టా అర్ధరాత్రి లేచి ఫ్రిజ్ తలుపు తీయదు.

“పదహారు కిలోలు.” లెక్క నిజం, నేను శంకించను. మొదటి వారంలో పోయినదాంట్లో మాత్రం ఎక్కువ పాలు నీళ్లు. కాలేయంలో, కండరాల్లో అరకిలో దాకా గ్లైకోజెన్ దాగి ఉంటుంది; దాని గ్రాముకు మూడేసి గ్రాముల నీరు అంటిపెట్టుకుని ఉంటుంది; పిండి ఆపగానే రెండూ కలిసి వెళ్లిపోతాయి. మిగతాది నిజంగా తగ్గడమే. 2018లో వెలువడిన స్టాన్‌ఫర్డ్ పరిశోధనలో 609 మందిని రెండు జట్లు చేసి ఏడాది చూశారు. పిండి తగ్గించినవాళ్లు సగటున 6 కిలోలు, కొవ్వు తగ్గించినవాళ్లు 5.3 కిలోలు తగ్గారు. ఆ తేడా లెక్కకు నిలిచేది కాదు.

ఈ సంప్రదాయానికి ఆదిగురువు లండన్‌లో అంత్యక్రియల సామగ్రి సమకూర్చే విలియం బాంటింగ్. చెవులు వినబడక వైద్యుడి దగ్గరికి వెళ్తే ఆయన రొట్టె, చక్కెర, బీరు, బంగాళాదుంప మాన్పించాడు. బాంటింగ్ ఏడాదిలో ఇరవై కిలోలు తగ్గి, 1863లో సొంత ఖర్చుతో చిన్న పుస్తకం అచ్చేసి ఊరికే పంచాడు. పుస్తకంలో ఒక సుగుణముంది, చదవలేకపోతే మూసేయవచ్చు.

“పోయాయి.” భూతకాల క్రియ. ఎక్కడికి పోయాయో, తిరిగి వచ్చే ఉద్దేశం ఉందో లేదో మూలం చెప్పదు. ఇక్కడే దేవదత్తుణ్ణి తలచుకోవాలి. మీమాంసకుల దేవదత్తుడు లావుపాటివాడు, పగలు భోంచేయడు. తినకుండా ఒళ్లు రాదు కదా, కాబట్టి రాత్రి తింటున్నాడు. దీని పేరు అర్థాపత్తి. ఇది వేరే ప్రమాణమేనని భాట్టులు పట్టుబట్టారు. అనుమానంలోనే ఇమిడిపోతుందని నైయాయికులు కొట్టిపారేశారు. ‘రాత్రి తింటాడు’ అన్నది ఊహించుకున్న అర్థమా, లేక మనసులో పూరించుకున్న వాక్యమా అని మరో తగవు. వందల ఏళ్లు, ఎన్నో టీకలు, టీకల మీద టీకలు. అసలు ఆ రాత్రి ఏం తిన్నాడో ఎవరూ అడగలేదు. రాత్రి షిఫ్టు వాడేమోనన్న శంక కాశీలో ఎవరికీ రాలేదు, భిలాయిలో అయితే అదే మొదటి శంక. ఇంతమంది మహాపండితులు ఆయన ఒంటిమీద ఇంత తర్కించారు గాని, తగ్గమని ఒక్కరూ సలహా ఇవ్వలేదు. మర్యాద తెలిసినవాళ్లు.

ప్రకృతమేమంటే, బాబాయిగారు పంక్తిలో ఇప్పటికీ అన్నం ముట్టరు. బెల్టు మాత్రం రెండు చిల్లులు వెనక్కి వచ్చింది. తక్కినది అర్థాపత్తి.

దీనికి ఆయన్ను చూసి నవ్వను. బరువు తగ్గించే పోటీ పెట్టిన ఒక అమెరికన్ టీవీ కార్యక్రమంలో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షించిన ఫలితాలు 2016లో వచ్చాయి. పోయిన బరువులో చాలా భాగం తిరిగి వచ్చింది. ఒళ్లు మాత్రం లెక్క ప్రకారం ఖర్చు కావలసిన దానికంటే రోజుకు 500 కేలరీలు తక్కువే ఖర్చు చేస్తోంది. తగ్గినది నిలబెట్టుకున్నవాళ్ల పేర్లు 1994 నుంచి రెనా వింగ్, జేమ్స్ హిల్ ఒక జాబితాగా రాస్తూ వచ్చారు. వాళ్లలో ఎక్కువమంది చెప్పేవి చప్పిడి సంగతులు: రోజూ గంటసేపు నడక, తరచు తూకం, పొద్దుటి టిఫిన్ మానకపోవడం. పంక్తిలో గొంతెత్తి చెప్పడానికి వీటిలో ఏదీ పనికిరాదు. నా ఫిర్యాదంతా అదే. తగ్గిన ఆర్నెల్లకు గ్రంథముంది, ఆ తర్వాతి ఏళ్లకు అక్షరం లేదు. పెరిగినవాడు ఏ పంక్తిలోనూ లేచి చెప్పడు.

“మీరూ మానేయండి.” ఈ ‘మీరు’లో ఎవరెవరు? ఎదుటి వరుసలో ఇన్సులిన్ వేసుకునే ఆయన కూర్చున్నాడు. మందు మోతాదు అలాగే ఉంచి పిండి ఒక్కసారి ఆపితే చక్కెర పడిపోతుంది. ముందు డాక్టరు లెక్క మార్చాలి. ఇక్కడ వ్యాఖ్యాతకు అలంకారాలు తోచడం లేదు. పులిహోర వద్దనడం ఎవరిష్టం వారిది. ఇన్సులిన్ వేసుకునేవాడికి అరిచి సలహా చెప్పడం అలాంటిది కాదు.

ఇక ‘మానేయడం’ అనే క్రియకు అసలు కర్త ఎవరు? మంతెన సత్యనారాయణరాజు ఉప్పూ నూనే లేకుండా తినమన్న రోజుల్లో బాబాయిగారి ఇంట్లో అలాగే వండారు. 2017–18 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ చెప్పిన కొబ్బరినూనె, నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు ఇక్కడి ఫోన్లలోకీ వచ్చాయి, అదీ చేశారు. రెండు మతాలకూ గరిటె ఒకటే, పట్టుకున్న చెయ్యీ ఒకటే. పిల్లలకు అన్నం పప్పు, అత్తగారికి జావ, ఆయనకు తురిమిన కాలీఫ్లవర్. సూత్రంలో ఎక్కడా కనబడని ఆ పిన్నిగారిని మొన్న అడిగాను, మీ అభిప్రాయమేమిటని. “గ్యాస్ బండ ఇదివరకు నెలన్నర వచ్చేది నాయనా,” అంది.