ఒరిజినల్ సారు

భువనగిరిలో కోట గుట్టకు దగ్గరి వాడల్లో పట్టా కప్పిన అంబాసిడర్ ఉన్న ఇల్లేదని అడిగితే ఎవరైనా వేలు పెట్టి చూపిస్తారు. ఆ పట్టా తీయమని మాత్రం అడగొద్దు. తీశారంటే మీ పొద్దుటి పనులు సాయంత్రానికి పోతాయి. ఆఫీసు సూపరింటెండెంటుగా రిటైరైన సారు ముందు ఎడమ తలుపు దగ్గర నిలబడి, "ఇది 71 మోడలు, మార్క్ 2. అంతా ఒరిజినల్" అని మొదలుపెడతారు.

అంతా ఒరిజినలే. ఇంజను రెండుసార్లు బోరు కొట్టించారు. కార్బరేటరు హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్లో ఒక గురువారం దొరికింది. తలుపులు రెండు మరో అంబాసిడర్‌వి, ఆ బండి తుక్కుకు పోతుంటే దారిలో ఆపి ఊడదీయించారు. సీట్లు రాణిగంజ్‌లో కుట్టించినవి. రంగు ఎన్నోదో రంగులాయనకు కూడా గుర్తులేదు. సారు లెక్కలో ఒరిజినల్ అంటే చూసేవాడికి తెలియకుండా మార్చింది అని అర్థం. ఈ ఒక్క సూత్రం పట్టుకుంటే ఆయన మీకు పూర్తిగా అర్థమవుతారు.

ఈ జాతి మనుషులు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఒకాయనకు యెజ్డీ, ఒకాయనకు లాంబ్రెట్టా, ఇంకొకాయనకు ప్రీమియర్ పద్మిని. లుంగీ మీదున్నా జేబున్న బనియనే వేసుకుంటారు, ఆ జేబులో టెస్టరుంటుంది. పెండ్లికి పిలిస్తే ముందు పెండ్లికొడుకును చూడరు, ఊరేగింపు బండిని చూస్తారు. ఉత్తరపాడాలో 2014 మేలో అంబాసిడర్ తయారీ ఆగిపోయిందన్న వార్త వచ్చిన రోజు మా సారు తెల్ల చొక్కా వేసుకొని ఇంటి ముందు కూర్చున్నారు. విషయం తెలియని ఇద్దరు ముగ్గురు నిజంగానే వచ్చి పరామర్శించి పోయారు.

ఆ బండి డ్యాష్‌బోర్డులో రెండు గుండీల పాత రేడియో ఉండేది. ఎడమది తిప్పితే సౌండు, కుడిది తిప్పితే ముల్లు. ముల్లు బాగానే జరిగేది, సౌండే ఎన్నడో పోయింది. పాడని రేడియోను చూపించే ముందు సారు చరిత్ర చెబుతారు. దక్కన్ రేడియో 1935లో నిజాం సర్కారు చేతికి వచ్చింది, 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో కలిసింది, ఆ తర్వాత చాలా ఏండ్ల వరకు రేడియో ఉంటే పోస్టాఫీసులో లైసెన్సు కట్టాల్సిందే. ఆ లైసెన్సు పుస్తకం ఇప్పటికీ డిక్కీలో ప్లాస్టిక్ సంచిలో ఉంది. ఇంత విన్నాక పాట వినిపించండని అడిగే ధైర్యం ఎవరికీ రాదు.

డాలస్‌లో ఉన్న కొడుకు ఆ ధైర్యం చేశాడు. కొత్త స్టీరియో పెట్టించుకో నాన్నా అన్నాడు. సారు వణికిపోయారు. బజార్లో దొరికే స్టీరియోలన్నీ ఒకే కొలత, 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల ఎత్తు. అది పట్టాలంటే డ్యాష్‌బోర్డు రేకు కొయ్యాలి. "నా కండ్ల ముంగట దాని మీద హ్యాక్సా బ్లేడు పెట్టనియ్య" అన్నారు. అప్పుడు కొడుకు అమెరికాలో పాత కార్ల కోసమే చేసే రేడియో ఒకటి పంపాడు. ముందు అవే రెండు గుండీలు, నికెల్ మెరుపు, పాత వాటం. లోపల బ్లూటూత్, యుఎస్‌బీ. కనబడని కొత్తదనం! సారు ఆ రాత్రి అట్టపెట్టె పక్కనే మంచం వేసుకున్నారు.

తెల్లారి వైరింగ్ మిస్త్రీ వచ్చాడు. వచ్చీ రాగానే బ్యాటరీ చూశాడు. ఆ కాలపు బ్రిటిష్ బండ్లలో చాలావాటికి ప్లస్సు బాడీకి ఉండేది. అట్లాంటి బండికి ఇప్పటి రేడియో తగిలిస్తే పాట రాదు, పొగ వస్తుంది. ఈ బండికి మైనస్సే బాడీకి ఉందని తేల్చుకోవడానికి మిస్త్రీ మీటరు పెట్టి మూడుసార్లు చూశాడు. సారు బండిలో ఎప్పుడు ఏది తిరగబడిందో చెప్పలేమని అతనికి అనుభవం.

రేడియో వెనక వైర్ల గుత్తి చూసి సారు ముఖం మాడ్చుకున్నారు. పాతదానికి కరెంటు వైరు ఒకటి, స్పీకరు వైరు ఒకటి, ఏరియల్ ఒకటి. అంతే. స్పీకరు రెండో కొస బాడీకే బిగించి ఉండేది.

"దీనికి అట్ల నడవది సారూ. స్పీకరు రెండు వైర్లు మళ్ల సెట్టుకే రావాలె. ఒక్కటి బాడీకి తాకినా ఐసీ కాలిపోతది."

"మరి పాతదానికి తాకినా ఏం కాలే?"

"పాతది గట్టిది సారూ," అన్నాడు మిస్త్రీ. సారును ఊరుకోబెట్టే మంత్రం అతనికి తెలుసు.

తెలుపు, బూడిద, ఆకుపచ్చ, ఊదా జంటలతో నాలుగు స్పీకర్లయ్యాయి. ఒక్కటీ కనబడకూడదు గనుక రెండు వెనక అద్దం కింద గుడ్డ చాటుకు, రెండు సీట్ల కిందికి పోయాయి. వెనక కూర్చున్నవాళ్లకు వార్తలు చదివే ఆమె తమ కిందినుంచి మాట్లాడుతున్నట్టుంటుంది. అత్తగారు ఒకసారి ఉలిక్కిపడి దిగిపోయారు.

అసలు పంచాయితీ పసుపు, ఎరుపు వైర్ల దగ్గర వచ్చింది. పసుపు వైరుకు ఎప్పుడూ కరెంటుండాలి, స్టేషన్లను, టైమును గుర్తుపెట్టుకునేది దాంతోనే. ఎరుపు తాళంచెవితో రావాలి. ఇప్పటి బండ్లలో తాళంచెవి సగం తిప్పితే ఇంజను జోలికి పోకుండా రేడియో ఒక్కటే వస్తుంది. సారు బండిలో సగం లేదు. తిప్పితే ఇగ్నిషనే. ఇంజను ఆపి తాళంచెవి అట్లాగే ఉంచి పాటలు వింటే కాయిలు వేడెక్కుతుంది, పాయింట్లు మాడుతాయి. ఈ బండి నడిచేదానికన్నా నిలబడేది ఎక్కువ. సారు పాటలు వినేదీ నిలబడ్డప్పుడే. కాబట్టి ఎరుపును పసుపుతో కలిపి, మధ్యలో చిన్న స్విచ్ పెట్టి, దాన్ని యాష్‌ట్రేలో దాచారు. సారు సిగరెట్టు మానేసి చానా ఏండ్లయింది, అయినా రోజూ యాష్‌ట్రే తెరుస్తుంటే ఇంట్లో అనుమానం మొదలైంది.

ఇంజను స్టార్ట్ చేస్తే పాటలో టిక్ టిక్ అని చప్పుడు. యాక్సిలరేటరు తొక్కితే టిక్‌లు పెరుగుతాయి. ప్లగ్గుల నిప్పురవ్వలు ఏరియల్‌లో దూరుతున్నాయని, కాయిలుకు కండెన్సరు వేసి ప్లగ్గులకు సప్రెసర్ టోపీలు పెడితే పోతుందని మిస్త్రీ అన్నాడు. సారు రెండు రోజులు ఆలోచించారు. బండిలో ఆర్‌పీఎం మీటరు లేదు, దాని పని ఈ టిక్ చేస్తున్నదని ఆయన వాదన.

అన్నీ అయ్యాక సారు కుడి గుండీ తిప్పారు. రెయిన్‌బో 101.9 వచ్చింది. మిర్చి 98.3 వచ్చింది. తనకు కావలసిన వివిధ భారతి 102.8 దగ్గరికి వచ్చేసరికి అంకె 102.7 నుంచి ఎగిరి 102.9 మీద దూకింది. వెనక్కి తిప్పితే మళ్లీ అంతే. సరే, మీడియం వేవ్ చూద్దామంటే హైదరాబాద్ 738లో ఉంటుంది. రేడియో 730 చూపింది, 740 చూపింది, మధ్యలో ఆగనంటే ఆగనంది. 740లో ఎవరో గొంతు నొక్కినట్టు వార్తలు. సారు కోట వైపు చూశారు. అంత ఎత్తు ఏకశిల అడ్డముంటే సిగ్నలెట్లా వస్తుంది? త్రిభువనమల్ల విక్రమాదిత్యుడు కోట కట్టేటప్పుడు రేడియో సంగతి ఆలోచించలేదని వారం రోజులు ఆయన మీద కోపంగా ఉన్నారు. బండిని రాయగిరి దాకా తోలి చూశారు. అక్కడా 102.9.

చివరికి కనిపెట్టింది మిస్త్రీ దగ్గర పనిచేసే పిల్లగాడు. గుండీ నొక్కి పట్టుకుంటే మెనూ వచ్చింది. అందులో ఏరియా అని ఉంది.

"సారూ, ఇది ఇంక అమెరికాల్నే ఉన్నది."

అక్కడ ఎఫ్‌ఎం స్టేషన్లు పాయింటు తర్వాత బేసి అంకెల మీదే ఉంటాయి, మీడియం వేవ్‌లో పదేసి కిలోహెర్ట్జ్‌కు ఒకటి. మన దగ్గర మీడియం వేవ్ తొమ్మిదేసి చొప్పున. 738ని తొమ్మిది నిశ్శేషంగా భాగిస్తుంది, పదికి అది లొంగదు. పిల్లగాడు ఏరియాను ఆసియాకు మార్చాడు. 102.8లో పాట వచ్చింది. సారు కండ్లు తుడుచుకున్నారని మిస్త్రీ అంటాడు, పెట్రోలు వాసనకు అని సారు అంటారు.

కథ అక్కడ ఆగితే ఆయన సారు ఎందుకవుతారు? యాష్‌ట్రే స్విచ్ ఆపడం మరిచిపోయి రెండుసార్లు బ్యాటరీ దిగింది. తెల్లారి పాల ప్యాకెట్లకు పోయేవాళ్లమంతా బండి నెట్టాము. మూడోసారి వీధి వీధంతా ఏకమై మాట్లాడితే బ్యాటరీకి కటాఫ్ స్విచ్ పెట్టించారు. రాత్రి అది తిప్పితే ఏ వైరుకూ కరెంటు ఉండదు, పసుపుకూ ఉండదు. రేడియో అంతా మరిచిపోతుంది. పొద్దున్నే లేచేసరికి మళ్లీ అమెరికాలో ఉంటుంది. సారు స్నానం చేసి, తలుపు తీసి, గుండీ నొక్కి పట్టుకొని దాన్ని రోజూ ఆసియాకు తెస్తారు. కొడుకు ఫోన్ చేసి రేడియో ఎట్లుంది నాన్నా అంటే, "మంచిగున్నది బిడ్డా, పొద్దుగాల కొంచెం సతాయిస్తది" అంటారు.

ఇప్పుడు పసుపు వైరు ఒక్కదానికే చిన్న బ్యాటరీ వేరే పెట్టాలని, అదీ కనబడకుండా పెట్టాలని చర్చ నడుస్తోంది. మొన్న ఆదివారం బండిలో యాదగిరిగుట్టకు పోదామని అమ్మగారు తయారై గంటసేపు కూర్చున్నారు. తర్వాత షేర్ ఆటో ఎక్కి పోయి, దర్శనం చేసుకొని, పులిహోర ప్రసాదం పట్టుకొని వచ్చేసరికి సారు కాళ్లు బండి కిందినుంచి బయటికున్నాయి.

"ఇంక మనుషులు కూసునే జాగ ఏమన్న మిగిలిందా?" అని అడిగారామె.

"ముందల సీట్ల ఒక్కరికి ఉన్నది," అంది బండి కిందినుంచి గొంతు. "ఆ పదమూడు నంబరు పానా ఇటియ్యి."