రెండు మిల్లీమీటర్లు

చండ్రుగొండ మండలంలో అడవి అంచున ఒక కోయగూడెం. అక్కడి అంగన్‌వాడీ టీచరమ్మ సంచిలో హాజరు పుస్తకం, బాలామృతం ప్యాకెట్లతో పాటు ఎప్పుడూ ఒక రంగుల టేపు ఉంటుంది. ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల జబ్బకు చుట్టి చూసే టేపు అది. కొలత 12.5 సెంటీమీటర్లు దాటితే ఆకుపచ్చ. 11.5కూ 12.5కూ మధ్య ఉంటే పసుపు. 11.5 లోపు పడితే ఎరుపు. ఎరుపు అంటే తీవ్ర పోషకాహార లోపం. అలాంటి పిల్లలకు మామూలు విరేచనాలు కూడా ప్రాణం మీదికి తెస్తాయి.

మిరపకాయలు ఏరే రోజుల్లో, గూడెంలో ఏడాదిన్నర పిల్లాడి జబ్బ ఎరుపు చూపించింది. ఒళ్లు కాలిపోతోంది. పెట్టిన ముద్ద మింగడం లేదు. పాదాలు ఉబ్బాయి, వేలితో నొక్కితే పడిన గుంట చాలాసేపటికి గానీ పూడలేదు. టీచరమ్మా ఆశా వర్కరూ కలిసి తల్లిని ఒప్పించి, పట్నంలో పెద్దాసుపత్రిలో ఉన్న పోషకాహార పునరావాస కేంద్రానికి పంపించారు. ఇంటిల్లిపాదీ మిరప తోటల్లోనే ఉండడంతో మూడున్నరేళ్ల కూతుర్ని చూసుకునేవాళ్లు లేరు. పిల్లాణ్ణి చంకనేసుకుని, కూతురి చెయ్యి పట్టుకుని ఆ తల్లి బస్సెక్కింది.

అక్కడికి వెళ్లాక మొదట ఆమెకు కోపమొచ్చింది. మాడిపోయిన బిడ్డకు కడుపునిండా పెడతారనుకుంటే, రెండు గంటలకోసారి కొలిచి కొలిచి కాసిని పాలు పోస్తున్నారు. సిస్టరమ్మ ఓపిగ్గా నచ్చజెప్పింది. చాన్నాళ్లు తిండిలేని ఒంట్లో గుండె, కాలేయం, మూత్రపిండాలు అన్నీ నీరసించి ఉంటాయి. ఒక్కసారిగా మేపితే రక్తంలో లవణాలు తారుమారై గుండె ఆగిపోవచ్చు. అందుకే మొదట వంద మిల్లీలీటర్లకు 75 కేలరీలుండే పలచని పాలు, అవీ అర్ధరాత్రి లేపి మరీ పట్టాలి. ఆకలి పుట్టి, వాపు దిగడం మొదలయ్యాకే 100 కేలరీల చిక్కటి పాలు.

వాపు తీసేసరికి పిల్లాడి బరువు ముందు తగ్గింది. తల్లి హడలిపోయింది. అది నీటి బరువేనని సిస్టరమ్మ ధైర్యం చెప్పింది. ఆ తర్వాత రోజురోజుకూ పెరుగుతూ వచ్చాడు. గిన్నె కనబడితే తానే చేతులు చాచడం మొదలుపెట్టాడు.

అక్కడ తల్లికి కూడా భోజనం పెడతారు. పోయిన కూలికి బదులు రోజుకింతని డబ్బు కూడా ఇస్తారు. బాలింతకు రోజూ ఒక పూట భోజనం, గుడ్డు, పాలు ఇచ్చే ఆరోగ్యలక్ష్మి పథకం 2015 నుంచీ ఉంది గానీ, అది బిడ్డకు ఆరు నెలలు నిండేదాకే. ఈమెకు అది ఆగిపోయి ఏడాదయింది. పెళ్లయినప్పట్నుంచీ కూర్చున్న చోటికి కంచం రావడం ఇదే మొదలని పక్క మంచం ఆమెతో చెప్పుకుంది. ఆ కంచంలోనే కూతురూ తినేది.

ఒకనాడు సిస్టరమ్మ ఆ పిల్లను దగ్గరికి పిలిచి టేపు చుట్టింది. 11.7. ఎత్తుకు తగ్గ బరువు చూసినా తీవ్ర లోపం గీతకు కాస్త పైనే ఉంది.

"పసుపేనమ్మా. దీనికి ఆసుపత్రి అక్కర్లేదు. మీ ఊళ్లో అంగన్‌వాడీకి రోజూ పంపు, కోలుకుంటది."

"దీనికి మంచం ఇయ్యరా సిస్టరమ్మా?"

"ఎరుపులోకి రావాలి. దాంతోపాటు జ్వరమో విరేచనాలో ఉండాలి. అప్పుడు చేర్చుకుంటం."

సిస్టరమ్మ మాటలో తప్పేమీ లేదు. ఉన్న కాసిని మంచాలూ ప్రాణాపాయంలో ఉన్న పిల్లలకే దక్కాలని పెట్టుకున్న నిబంధన అది. పసుపులో ఉన్న పిల్లల్ని ఊళ్లోనే మంచి తిండితో నిలబెట్టవచ్చు. పైగా వార్డులో ఉంచితే లేని జబ్బు అంటుకునే ముప్పుంది. తల్లి అంతా విని తలూపింది.

రెండు వారాలకు పిల్లాడు తేరుకున్నాడు. గూడేనికి తిరిగొచ్చాక టీచరమ్మ వాణ్ణి ఎత్తుకుని ఇల్లిల్లూ తిప్పి చూపించింది. పదిహేను రోజులకోసారి ఆసుపత్రిలో చూపించాలన్న మాటను తల్లి జవదాటలేదు. కూలి పోయినా సరే, చెప్పిన తేదీకి పిల్లాణ్ణి తీసుకెళ్లింది.

కూతుర్ని మాత్రం అంగన్‌వాడీకి పంపలేదు. అడిగినప్పుడల్లా "రేపు పంపుత" అనేది. అలా నెల తిరిగింది. చివరికి టీచరమ్మే మిరప కల్లం దగ్గరికి వెళ్లింది. ఎండిన కాయల ఘాటులో ఆ పిల్ల గోనెపట్టా మీద కూర్చుని తమ్ముణ్ణి ఆడిస్తోంది. చేతులు పుల్లల్లా ఉన్నాయి.

"రోజూ గుడ్డు, పప్పన్నం పెడుతుంటే పిల్లను పంపవేంది? దాన్ని మాడుస్తున్నవా?"

ఆ మాటకు తల్లి నొచ్చుకుంది. "మాడ్చుడేందమ్మా? నేను తినేదే దానికీ పెడుతున్న."

"మరి పంపడానికి ఏమయింది?"

ఆమె తాలుకాయలు వేరు చేస్తూనే జవాబిచ్చింది. "మీ గుడ్డు తింటే పసుపుల్నే ఉంటది గదా టీచరమ్మా. ఎరుపైతే దీనికీ మంచమిస్తరు. రెండు వారాలు పాలు పోస్తరు. నాకు అన్నం పెట్టి కూలి గూడ ఇస్తరు."

టీచరమ్మ ఇక మాట్లాడలేదు. సంచిలోంచి టేపు తీసి పిల్ల జబ్బకు చుట్టింది. 11.4.

తల్లి ఒంగి రంగు చూసింది.

"ఎరుపొచ్చింది గదమ్మా. ఇంక జ్వరమొక్కటే తక్కువ."